ఉప్పెనను ఎవరూ ఒంటరిగా దాటలేదు

"ఉప్పెననే తట్టుకున్నాం, మీకు పరీక్షలంటే భయమేంట్రా?" దివిసీమలో గానీ, బందరులో గానీ, గుడివాడలో గానీ చదువుకునే పిల్లాడు మనసు బాగోలేదని నోరు విప్పితే ఇంట్లో ముందుగా వినబడే మాట ఇది. నాగాయలంకలో తాతయ్య అంటాడు. గుడివాడలో మేనమామ అంటాడు. ఉప్పెన నాటికి పుట్టని తండ్రి కూడా అంటాడు. ఆ వెనకే మిగతావీ వస్తాయి: ఈ తరం మరీ సుకుమారం, సెల్‌ఫోన్లు చెడగొట్టాయి, మా రోజుల్లో ఈ డిప్రెషన్లూ కౌన్సెలింగులూ ఎక్కడున్నాయి? ప్రేమతో అన్నా, కోపంతో అన్నా ఈ మాట అబద్ధం. పిల్లల ప్రాణాల మీదికి తెచ్చే అబద్ధం.

1977 నవంబరు 19, శనివారం. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్ళు పదివేలకు పైనే అని అంచనా. మిగిలినవాళ్ళను ధైర్యంగా ఉండమని చెప్పి మన పని మనం చూసుకున్నామా? అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఆ జనం మధ్య ఉండి పనిచేశారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. ఎక్కడెక్కడి సేవాసంస్థలో వచ్చి శవాలు తీశాయి, గంజి పోశాయి, ఇళ్ళు కట్టించాయి. దివిసీమ సాయం అడిగింది, సాయం తీసుకుంది. అందులో ఎవరికీ నామోషీ కనబడలేదు. ఆ తర్వాత తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికలు ముందుగా అందే ఏర్పాట్లు జరిగాయి. గుండెధైర్యం లేనివాళ్ళే కొట్టుకుపోయారని ఎవరూ అనలేదు. ఆ ఉప్పెన పేరు చెప్పి పిల్లల నోరు మూయించడం చచ్చిపోయినవాళ్ళకీ అవమానమే, చెయ్యి అందించినవాళ్ళకీ అవమానమే.

అసలు అందరూ తట్టుకున్నారా? గాలి ఎత్తుకుంటే రాత్రంతా వసారాలో కూర్చుని తెల్లవారజేసే ముసలివాళ్ళు దివిసీమలో ఇంకా ఉన్నారు. తాగుడులో పడినవాళ్ళనీ, మాట మానేసినవాళ్ళనీ, గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి నడిపించుకుపోయినవాళ్ళనీ లెక్కలోంచి తీసేస్తే ఏ తరమైనా గట్టిగానే కనిపిస్తుంది. అడిగేవాళ్ళు లేరు గనక చెప్పినవాళ్ళు లేరు. అంతే తప్ప బాధ లేక కాదు.

ఇవాళ పిల్లల సంగతి చూద్దాం. పదో తరగతి అవగానే మన పిల్లలు కానూరు, పోరంకి, గోసాల, ఈడుపుగల్లు వైపు హాస్టళ్ళకు వెళ్ళిపోతారు. అక్కణ్ణించి ఇంటికి ఫోను వస్తుంది. ఆ ఫోను వార్డెన్‌ది. వెనక ఇంకో పదిమంది లైనులో ఉంటారు, వార్డెన్ పక్కనే నిలబడి ఉంటాడు. రెండు నిమిషాల్లో మాట్లాడెయ్యాలి. "వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది?" అని నాన్న అడుగుతాడు. "తింటున్నావా?" అని అమ్మ అడుగుతుంది. "బాగానే ఉన్నా నాన్నా" అంటాడు పిల్లాడు. ఇంకేమనగలడు? వార్డెన్ వింటుండగా, నిద్ర పట్టడం లేదనీ, పుస్తకం తెరిస్తే చేతులు వణుకుతున్నాయనీ, ఇంటికి తీసుకుపొమ్మనీ ఎలా చెప్పగలడు? ఆ రెండు నిమిషాలు విని మా వాడు బాగున్నాడని నిశ్చింతగా ఉంటున్నాం. ఏదైనా జరిగాక, ఒక్క మాటైనా చెప్పలేదే అని గుండెలు బాదుకుంటున్నాం.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. వీళ్ళందరూ పిరికివాళ్ళా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఒకమ్మాయికి తెలుగులో సున్నా పడింది. మళ్ళీ చూస్తే 99. ఫలితాల్లో తప్పులు దొర్లాయని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు కూడా మార్కులకే చచ్చిపోతారా అన్నవాళ్ళు ఉన్నారు. ఒక్క పరీక్షలో పోతే బతుకే పోయినట్టని పదేళ్ళుగా నూరిపోసింది పెద్దవాళ్ళు. దాన్ని నమ్మడమే పిల్లలు చేసిన నేరం.

కౌన్సెలింగ్ అలవాటు చేస్తే ఇంకా సున్నితమైపోతారని ఒక వాదన. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది: చచ్చిపోవాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందట. కాదు. సూటిగా, ప్రేమగా అడిగితే ఆ ఆలోచన పుట్టదనీ, లోపల నలిగిపోతున్నవాళ్ళకు ఊరట దొరుకుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఇక ఆడపిల్లల విషయంలో పెళ్ళి సంబంధాల భయం. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళిందని తెలిస్తే సంబంధాలు రావట. ఆ భయంతో వైద్యం ఆపేసిన తల్లిదండ్రులు దేన్ని కాపాడుకుంటున్నారో ఒక్కసారి ఆలోచించాలి.

ప్రతి ఏడుపూ జబ్బు కాదు, ప్రతి దిగులుకీ మాత్ర అక్కర్లేదు. ఒప్పుకుంటాను. కానీ ఏది రెండు రోజుల్లో పోయే దిగులో, ఏది ముదురుతున్న జబ్బో ఎవరు తేల్చాలి? వార్డెనా? ర్యాంకుల కోసం జీతం తీసుకునే డీనా? అందుకే తెలిసినవాళ్ళు కావాలి. 14416 అనే టెలీ మానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. శిక్షణ ఉన్న కౌన్సిలర్ ముందు వింటారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. జ్వరమొస్తే ఓపీ చీటీ రాయించుకున్నట్టే మనసు బాగోలేకపోయినా రాయించుకోవచ్చు.

కాలేజీలను వదిలేసి పిల్లలకే ధైర్యం చెప్పడమూ అన్యాయమే. ఇంటర్ కాలేజీల్లో ఒత్తిడి మీద 2001లో నీరదా రెడ్డి కమిటీ వేశారు, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. నివేదికలు వచ్చాయి, స్టడీ అవర్లు మాత్రం తగ్గలేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన పదిహేడేళ్ళ అమ్మాయి మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వందమంది, ఆ పైన విద్యార్థులున్న సంస్థలో శిక్షణ ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండి తీరాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సాయం చేసే ఫోను నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. ఇవి అమలవుతున్నాయో లేదో చూడ్డానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి.

జూన్‌లో అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ఏసీ ఉందా, కిందటేడు టాప్ ర్యాంకులెన్ని అని అడుగుతాం. కౌన్సిలర్ ఎవరు, ఏం చదువుకున్నారు, వారంలో ఎన్ని రోజులుంటారు, మా అమ్మాయి వార్డెన్ చాటున మాతో మాట్లాడే వీలుందా అని కూడా అడగండి. సరైన జవాబు రాకపోతే ఫీజు కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే కాగితం మీద రాసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. కానూరు, పోరంకి, గోసాల, ఈడుపుగల్లు కృష్ణా జిల్లాలోనివే. కలెక్టరేట్ బందరులోనే ఉంది.