జీరో బిల్లు ఇంటికీ నీళ్ల ఖర్చుంది

పాలంపేట వాసులకు, రామప్ప చెరువును నమ్ముకుని బతుకుతున్న చుట్టుపక్కల ఊళ్ల అన్నలకు, అక్కలకు ఒక విన్నపం.

నీళ్లకు మనం డబ్బు కడుతున్నామని చాలా ఇళ్లలో అనుకోరు. పంచాయతీకి కట్టే నల్లా పన్ను తప్ప నీళ్ల పేరుతో మన గుమ్మంలోకి వచ్చే కాగితం ఏదీ లేదు. కానీ బోరు మోటరు ఉన్న ప్రతి ఇంటికీ నీళ్ల బిల్లు నెలనెలా వస్తూనే ఉంది. కరెంటు బిల్లులో కలిసిపోయి వస్తుంది కాబట్టి విడిగా కనబడదు. ఈ విన్నపం ఆ కనబడని బిల్లు గురించే. ఎండలు ముదరకముందే ఇంటింటా ఒకసారి లెక్క చూసుకోమని అడగడానికి ఇది రాస్తున్నాను.

ఇళ్లలో బిగించే ఒక హార్స్‌పవర్ మోటరు గంట నడిస్తే దాదాపు ఒక యూనిట్ కాలుతుంది. రోజుకు గంటన్నర నడిస్తే నెలకు 45 యూనిట్లు. ఫ్యాను, టీవీ, ఫ్రిజ్ వాడకం దీనికి అదనం. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. ఆ గీత దాటితే దాటిన యూనిట్లకే కట్టి సరిపెట్టుకోవడం కుదరదు, ఆ నెల మొత్తం వాడకానికీ కట్టాలి. 195 దగ్గర ఆగిన ఇంటికి సున్నా వస్తే, 205 కాల్చిన పక్కింటికి వెయ్యి రూపాయలు దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కూలర్లు తిరిగే రోజుల్లో ఆ పది యూనిట్లను గీత దాటించేది చాలాసార్లు మోటరే. ట్యాంకీ నిండిన తర్వాత రోజూ పావుగంట పాటు నీళ్లు పొర్లుతుంటే, నెల తిరిగేసరికి ఏడున్నర గంటలు, అంటే ఏడెనిమిది యూనిట్లు, మోరీలోకి పోయినట్టు.

వాడకం ఒక్కటే కాదు, లోతు కూడా బిల్లును పెంచుతుంది. దీన్ని మనం తక్కువగా ఆలోచిస్తాం. అరవై అడుగుల నుంచి తోడే నీటికీ నూట ఇరవై అడుగుల నుంచి తోడే నీటికీ కరెంటు ఖర్చు ఒకటి కాదు. లోతు రెట్టింపైతే అదే బిందెడు నీటిని పైకి తేవడానికి పట్టే శక్తి కూడా రెట్టింపు. భూమిలో నీళ్లు కిందికి జారేకొద్దీ మోటరు సన్నగా పోస్తుంది, ట్యాంకీ నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. పోయినేడు అరగంటలో నిండిన ట్యాంకీ ఈ ఏడు నలభై నిమిషాలు తీసుకుంటే మనం మోటరును అనుమానిస్తాం, మెకానిక్‌ను పిలుస్తాం. చాలాసార్లు చూడాల్సింది బోరులో నీటి మట్టాన్ని. కాబట్టి బిల్లు తగ్గాలంటే నీళ్లు తక్కువ వాడితే సగం పని అయినట్టు. భూమిలోకి నీళ్లు తిరిగి పంపడం మిగతా సగం.

ఆ రెండో సగం సంగతి మన ఊరికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ రుద్రేశ్వరాలయం, అంటే మన రామప్ప గుడి, కట్టించాడు. ఆ కాలంలోనే గుట్టల మధ్య కట్ట పోసి చెరువునూ నిలిపాడు. గుడికి 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా సంబరపడ్డాం. పడాల్సిందే. నీటిలో తేలే ఇటుకల గురించి, ఇసుక పునాది గురించి, మదనికల గురించి వచ్చిన ప్రతి అతిథికీ చెబుతాం. కట్ట గురించి అంత చెప్పం. ఆ కట్ట వెనక నిలిచిన నీళ్లు తూము గుండా పొలానికి పోవడమే కాదు, నేలలోకి ఇంకుతూ కింది బావులను కూడా తడిపాయి. పాకాల, లక్నవరం, ఘనపురం చెరువులు కూడా ఆ కాలపు పనే. వాన పడ్డ చోటే పడ్డ నీటిని ఆపి, కొంత పారించి, కొంత ఇంకనివ్వడం అనే ఒక్క ఆలోచన మీద ఈ ప్రాంతంలో ఎనిమిది వందల ఏళ్లు వ్యవసాయం నడిచింది.

చెరువు నీళ్లు ఎవరికి వారు తీసుకునేవి కావు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో, ఏ కాలువకు ముందు వదలాలో చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. చెరువు నిండుగా ఉన్న ఏడాది కూడా తూము పగలూ రాత్రీ తెరిచి వదిలేయలేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒక తూము ఉంది, దాన్ని నల్లా అంటున్నాం. దానికి నీరటి మాత్రం లేడు. ఆ పని ఇంట్లో ఒకరు తీసుకోవాలని నా కోరిక. పదో తరగతి చదివే పిల్లయినా, ఇంటి పట్టున ఉండే తాతయినా సరే.

ఈ మధ్య మన చెరువుకు నీళ్లు వానతోనే రావడం లేదు. గంగారం దగ్గర గోదావరిలో ఎత్తిన నీళ్లు దేవాదుల పైపుల్లో భీంఘన్‌పూర్ మీదుగా రామప్పకు చేరుతున్నాయి. అవి ఊరికే వచ్చిన నీళ్లు కావు. పెద్ద పెద్ద మోటర్లు రోజుల తరబడి నడిస్తేనే గోదావరి గుట్ట ఎక్కుతుంది, ఆ కరెంటు ఖర్చు ప్రజల ఖజానాదే. మిషన్ భగీరథ నల్లా నీటి కథా అంతే. శుద్ధి చేసి, ఎత్తైన ట్యాంకులకు తోడి, ఊరూరికీ పంపితే మన గిన్నెలోకి వస్తోంది.

వాన నీరు ఒక్కటే మన గడపకు ఖర్చు లేకుండా వస్తుంది. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో మన వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో, 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో ఒక్కరోజులో అంతటి వాన అంతకుముందు నమోదు కాలేదు. ఆ వానకు వచ్చిన వరద మోరంచపల్లిలో, కొండాయిలో ప్రాణాలు తీసింది, ఆ దుఃఖం ఇంకా మానలేదు. అలాంటి వానను ఏ ఇంటి ఇంకుడు గుంతా ఆపలేదు, ఆపుతుందని నేను చెప్పను. కానీ ఒక లెక్క చూడండి. చదరపు మీటరు జాగా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన కురిస్తే లక్ష లీటర్లు. ఆవిరైనవీ చెదిరినవీ పోను ఎనభై వేల లీటర్లు పట్టుకోవచ్చు. ఐదుగురున్న ఇంటికి, మనిషికి వంద లీటర్ల లెక్కన, అది దాదాపు ఐదు నెలల నీళ్లు. ఇప్పుడు ఆ నీళ్లు పైపు గుండా వాకిట్లోకి, వాకిట్లోంచి సిమెంటు రోడ్డు మీదికి, అక్కడి నుంచి వాగులోకి పోతున్నాయి. వీధులన్నీ సిమెంటు అయ్యాక నేలకు నోరు మూసినట్టయింది. డాబా పైపు చివర ఒక ఇంకుడు గుంత తవ్వి ఆ నోరు కొంచెం తెరవమని అడుగుతున్నాను.

ఇక ఇంట్లో చేయాల్సిన పనులు. అన్నీ ఒక్కరోజే చేయమనను. ముందు ఈ ఒక్కటి చేయండి. మోటరు వేసే ముందు కరెంటు మీటరు మీద ఉన్న అంకె రాసుకోండి, ట్యాంకీ నిండాక మళ్లీ రాసుకోండి. ఆ కాసేపు ఫ్రిజ్, కూలర్ ఆపితే లెక్క సరిగ్గా వస్తుంది. ట్యాంకీ ఎన్ని లీటర్లదో దాని మీదే రాసి ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు నింపుతున్నారో వారం రోజులు గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టండి. ఐదుగురున్న ఇల్లు రోజూ వెయ్యి లీటర్ల ట్యాంకీని ఖాళీ చేస్తుంటే, ఊళ్లకు సర్కారు లెక్కగట్టిన మనిషికి వంద లీటర్లకు రెట్టింపు వాడుతున్నట్టు. ఎక్కడ పోతోందో అప్పుడు వెతకొచ్చు. లెక్క లేకుండా పొదుపు చేయమని ఇంట్లో వాళ్లను కోప్పడితే రెండు రోజులు వింటారు, మూడో రోజు మర్చిపోతారు.

కారే నల్లా కింద రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి గడియారం చూడండి. పది నిమిషాల్లో నిండితే రోజుకు 28 లీటర్లకు పైగా, నెలకు ఎనిమిది వందల అరవై లీటర్లు కారుతోందన్న మాట. చాలాసార్లు దానికి మందు లోపలి చిన్న వాషరే. ట్యాంకీకి బాల్ వాల్వు గానీ, నిండగానే మోటరు ఆగే ఆటోమేటిక్ స్విచ్ గానీ పెట్టించండి. నీళ్లు కాపాడటంలో పెట్టిన డబ్బు తొందరగా తిరిగి వచ్చే పని ఇదే.

బకెట్, చెంబుతో స్నానం చేస్తే పదిహేను, ఇరవై లీటర్లలో అయిపోతుంది. షవర్ కింద పది నిమిషాలు నిలబడితే ఎనభై లీటర్లకు తక్కువ కాదు. ట్రాక్టరో బైకో కడిగేటప్పుడు పైపు వదిలేయకుండా బకెట్, గుడ్డ వాడండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మునగ, కరివేపాకు మొక్కలకు పోయండి. ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటే అది వదిలేసే నీళ్లు తాగే నీళ్ల కంటే ఎక్కువే ఉంటాయి. ఆ గొట్టం కింద బకెట్ పెడితే అంట్లకు, ఇల్లు తుడవడానికి సరిపోతాయి. కొత్తగా మరుగుదొడ్డి కట్టుకునేవాళ్లు వాలు ఎక్కువున్న గ్రామీణ బేసిన్ అడిగి వేయించుకోండి, అది లీటరున్నర, రెండు లీటర్లతోనే శుభ్రమవుతుంది.

ఒక మాట గట్టిగానే చెప్పాలి. భగీరథ నల్లాకు నేరుగా మోటరు బిగించకండి. ఇది పక్కింటి నీళ్లు లాక్కోవడం. వీధి చివరి ఇంట్లో ముసలమ్మ బిందె పట్టుకుని ఎదురుచూస్తుంటే మన ట్యాంకీ నిండడం న్యాయం కాదు. న్యాయం సంగతి పక్కన పెట్టినా, మోటరు గుంజినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, ఎక్కడ చిన్న పగులున్నా అక్కడి నుంచి మోరీ నీళ్లు లోపలికి వస్తాయి. అవి ముందు చేరేది మోటరు పెట్టిన ఇంటికే. ఆ ఇంట్లో పసిపిల్లలుంటే వాంతులు, విరేచనాలు పట్టుకునేదీ వాళ్లకే.

ఇక ముందు చెప్పిన ఇంకుడు గుంత సంగతి. పొడవు, వెడల్పు, లోతు మీటరు చొప్పున ఉంటే ఒక ఇంట్లో వాడిన నీళ్లకు సరిపోతుంది. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద చిన్న రాళ్లు, ఆ పైన కంకర, చివర దొడ్డు ఇసుక. తాగే నీళ్ల బోరుకు కనీసం ముప్పై అడుగుల దూరంలో తవ్వండి. మరుగుదొడ్డి నీళ్లు దానిలోకి రానివ్వకండి. వాన నీటి గుంత, వాడిన నీటి గుంత వేర్వేరుగా ఉంటే మంచిది. వీటికి ఉపాధి హామీలో పని పెట్టించుకునే వీలుందేమో పంచాయతీ కార్యదర్శిని అడగండి. తవ్విన గుంతను ఏటా వానాకాలం ముందు శుభ్రం చేయాలి, లేకపోతే రెండేళ్లలో మట్టి పట్టి గట్టిపడుతుంది. గుంతలు తవ్వడం కంటే వాటిని బాగు చేసుకోవడంలోనే మనం వెనకబడ్డాం.

ఇక్కడ రైతు అన్నలు ఒక ప్రశ్న వేస్తారు. ఎకరం వరికి దాదాపు 48 లక్షల లీటర్లు పారుతుంటే ఇంట్లో గ్లాసెడు నీళ్ల గురించి ఎందుకీ గోల అని. ప్రశ్న సరైనదే. ఆ ఒక్క ఎకరం నీళ్లు నూట ముప్పై మందికి ఏడాదంతా సరిపోతాయి. కాబట్టి పొలం మాట కూడా అడుగుతున్నాను. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది, ఇక కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ ఎందుకు? అది ఉంటే మడి నిండినా మోటరు ఆగదు. ఒక తడి ఆరాక మరో తడి ఇచ్చే పద్ధతిలో వరి పండించుకున్న రైతులు మన ప్రాంతంలో ఉన్నారు, వాళ్ల పొలం చూసి రండి. యాసంగిలో కొంత మేర పెసర, మినుము, నువ్వుల వంటి ఆరుతడి పంటలు వేస్తే ఊరి బోర్లన్నీ మే నెల దాకా నిలబడతాయి. ఇంటి బోరూ పొలం బోరూ తాగేది ఒకే భూమి నీళ్లు. పొలం బోరు లాగేస్తే బిల్లు పెరిగేది ఇంట్లో.

గుడి చూడటానికి వచ్చేవారి కోసం నడిచే హోటళ్లు, టీ కొట్లు, గదులు అద్దెకిచ్చే ఇళ్ల యజమానులకు కూడా ఇదే మనవి. సెలవు రోజుల్లో, మేడారం జాతర రోజుల్లో ఊరి జనాభాకు ఎన్నో రెట్ల మంది ఇక్కడ చేతులు కడుగుతారు. మీ చేతులు కడిగే చోట నల్లాలు నొక్కితేనే నీళ్లు వచ్చేవి పెట్టండి.

హైదరాబాద్‌లో ఉంటున్న మన పిల్లలకు ఫోన్‌లో ఈ సంగతి చెప్పండి. అక్కడ జలమండలి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది, మీటరు చూసి ఆ పైన వాడిన దానికి డబ్బు తీసుకుంటుంది. రెండు వందల యూనిట్ల గీత లాంటిదే అది కూడా, కాకపోతే అక్కడ దాటిన దానికే కట్టాలి. ట్యాంకర్ కొనాల్సి వస్తే జేబుకు ఎంత భారమో వాళ్లే మనకు చెబుతారు.

మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోని గీసుగొండ మండలం గంగదేవిపల్లి వాళ్లు కమిటీలు వేసుకుని తాగునీటిని తామే నడుపుకున్నారు, ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది. వాళ్లకు మనకంటే పెద్ద చెరువు లేదు. కూర్చుని మాట్లాడుకున్నారు, అంతే. మనం కూడా వచ్చే గ్రామసభలో నీళ్ల కోసం ఒక గంట పెట్టుకుందాం. ఏ వీధిలో పైపు పగిలిందో, ఏ వీధికి నల్లా ఎంతసేపు వస్తోందో, ఊళ్లో ఎన్ని ఇంకుడు గుంతలు పని చేస్తున్నాయో, చెరువులోకి నీళ్లు వచ్చే వాగుల్లో ఎక్కడ మట్టి, చెత్త పేరుకున్నాయో వీధికొకరు చూసి రావాలి. వారం రోజులు మీరు గోడ మీద గీసిన గీతల లెక్కను కాగితం మీద రాసుకుని తెండి. ముందు ఏ పైపు బాగు చేయించాలో, ఏ ఇళ్ల నుంచి గుంతలు మొదలుపెట్టాలో ఆ లెక్కలు ముందు పెట్టుకుని అక్కడే తేల్చుకుందాం.