వెంట్రుకవాసిలో గురి

2016 జూన్‌లో బీహార్‌లోని మొకామా ప్రాంతంలో కొద్ది రోజుల్లోనే 200కు పైగా నీల్‌గాయ్‌లను కాల్చి చంపారు. మనవైపు మనుబోతు అనే జంతువే అది. కాల్చింది హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లు. పంటలు దక్కడం లేదన్న రైతుల మొర మీదే కేంద్రం అందుకు వీలు కల్పించింది. ఆ వెంటనే కేంద్ర మంత్రివర్గంలోనే రెండు గొంతులు వినిపించాయి. నాటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జవదేకర్ నిర్ణయాన్ని సమర్థించుకుంటే, మహిళా శిశు అభివృద్ధి మంత్రి మేనకా గాంధీ బాహాటంగా మండిపడ్డారు. చంపాలా వద్దా అన్న ఆ వాదన నేటికీ తెగలేదు. కానీ చంపాలని ఒకసారి నిర్ణయం జరిగిపోయాక మరో ప్రశ్న మిగులుతుంది. తూటా ఎక్కడ తగులుతుంది?

దీనికి జవాబు షూటర్ చేతిలోనే కాదు, అతని రైఫిల్ మీద ఉన్న పిడికెడు లోహపు ముక్కలో కూడా ఉంది. తుపాకి మీద అమర్చే దుర్భిణిని స్కోపు అంటారు. దాన్ని తుపాకికి పట్టి ఉంచేది మౌంట్. కింద బేస్, పైన స్కోపు గొట్టాన్ని చుట్టి పట్టుకునే రెండు రింగులు, కొన్ని స్క్రూలు. అంతే దాని సంగతి. వేలు పోసి తుపాకి, మరికొన్ని వేలు పోసి స్కోపు కొన్నవారు కూడా బేరమాడేది చాలాసార్లు ఈ మౌంట్ దగ్గరే.

ఇందులో రెండు రకాలు. ఒకటి స్థిరమైనది. స్క్రూలతో ఒకసారి బిగిస్తే మళ్లీ పనిముట్లు పట్టుకుంటే తప్ప రాదు. రెండోది చిన్న మీట తిప్పితే క్షణాల్లో ఊడివచ్చేది, అదే క్విక్ డిటాచబుల్. స్కోపును తీసి సంచిలో పెట్టుకోవచ్చు, కావాలనుకుంటే మళ్లీ తగిలించుకోవచ్చు. వినడానికి రెండోదే తెలివైన ఎంపికలా ఉంటుంది. తగిలించిన ప్రతిసారీ అది పాత చోటే కూర్చుంటుందా అన్నదే చిక్కు.

లెక్క సులువే. రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. మళ్లీ తగిలించేటప్పుడు ఒక కొన 0.1 మిల్లీమీటరు లేచి కూర్చుందనుకుందాం. అంటే ఓ వెంట్రుక మందం. దాని కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా, కాస్త తుప్పు పట్టినా చాలు. వెయ్యింట ఒక వంతు వాలు వచ్చినట్టే. 100 మీటర్ల దూరంలో అది 10 సెంటీమీటర్లు, 200 మీటర్లలో 20 సెంటీమీటర్లు. అడవి పందికి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు జానెడు. దాని నడిమధ్యకు గురిపెట్టిన తూటా 100 మీటర్లలో అంచుకు జారుతుంది. 200 మీటర్లలో పొట్టలోకో, కాలికో పోతుంది. వెంట్రుకవాసిలో తప్పిందని మాటవరసకు అంటుంటాం. ఇక్కడ అది అక్షరాలా నిజం.

పొట్టలో తూటా తగిలిన పంది అక్కడికక్కడే పడదు. మొక్కజొన్న చేలోకో, తుప్పల్లోకో దూరుతుంది. కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు నరకయాతన పడుతుంది. తెల్లారి ఆ చేలో కాలు పెట్టేది షూటర్ కాదు, కలుపు తీయడానికి వచ్చిన కూలీలు. గాయపడిన పంది మనిషి మీదికి రావడం కొత్త సంగతేమీ కాదు. మౌంట్ ఎంపిక షోకు వ్యవహారం కాకపోవడానికి కారణమిదే.

మరి ఊడదీసే మౌంట్ ఎందుకు పుట్టింది? దానికీ గట్టి కారణాలే ఉన్నాయి. ఆఫ్రికాలో అడవిదున్న వేట ఒక ఉదాహరణ. మొదటి తూటా 80 మీటర్ల నుంచి స్కోపులో చూసి పేల్చవచ్చు. దున్న గాయంతో పొదల్లోకి దూరితే వెంబడించాల్సింది 10, 15 అడుగుల దూరంలోకి. ఎక్కువ రెట్లు పెద్దది చేసి చూపే స్కోపులో అప్పుడు కనిపించేది నల్లటి చర్మం మాత్రమే. అందుకే స్కోపు తీసేసి గొట్టం మీదుండే మామూలు సైట్లతో వెళ్లేవారు. 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ తరహా రైఫిళ్లకు ఊడివచ్చే మౌంట్ అచ్చివచ్చింది ఇందుకే.

జర్మనీది మరో అవసరం. అక్కడి వేటగాడు సాయంత్రం ఎత్తయిన మంచె ఎక్కి పందుల కోసం కాచుకుంటాడు. మసక వెలుతురులో చూడాలంటే పెద్ద కటకమున్న బరువైన స్కోపు కావాలి. అదే మనిషి శీతాకాలంలో పందుల్ని తోలే సామూహిక వేటకు వెళితే పరుగెత్తే జంతువు మీద గురి పెట్టడానికి తక్కువ శక్తి ఉన్న చిన్న స్కోపు కావాలి. తుపాకి ఒక్కటే, స్కోపులు రెండు. సూల్ పట్టణం పేరుతో ప్రసిద్ధమైన కొక్కేల మౌంట్‌ను పనివాడు ఆకురాయితో అరగదీసి, ఒక్కో తుపాకికి విడిగా అమర్చేవాడు. బ్లేసర్ సంస్థ 1993లో తెచ్చిన ఆర్93 రైఫిల్‌లో మౌంట్ నేరుగా గొట్టం మీదే జీనులా కూర్చుంటుంది. ఇవి తీసి పెట్టినా గురి తప్పవని పేరు తెచ్చుకున్నాయి. ధర కూడా అంతే ఘనం.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన నంబర్ 4 (టి) స్నైపర్ రైఫిల్‌దీ ఊడివచ్చే మౌంటే. చేత్తో తిప్పే రెండు పెద్ద స్క్రూలు, స్కోపు దాచుకోవడానికి ఓ ఇనుప డబ్బా ఇచ్చేవారు. కానీ ఏ స్కోపు ఏ తుపాకిదో మారకుండా దాని నంబరును తుపాకి మడమ మీద ముద్రించేవారు. ఊడదీసే స్వేచ్ఛ ఇచ్చినవారే జత తప్పనివ్వని క్రమశిక్షణ కూడా పెట్టారు. చవక మౌంట్లలో ఇప్పుడు కనిపించనిది ఆ రెండోదే.

ఇక మన సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు ఇక్కడ సరదా వేటకు చోటు లేదు. ప్రాణానికో, పంటకో ముప్పు ఉన్నప్పుడు 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతితోనే కాల్చాలి. 2022లో కేరళ ప్రభుత్వం అడవి పందుల విషయంలో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తీసుకెళ్లింది. అంటే ఒక పంచాయతీ అధ్యక్షుడి మాట మీద లైసెన్సు ఉన్న స్థానికుడు తన తుపాకితో కాల్చవచ్చు. వేరుశనగ, మొక్కజొన్న వేసే తెలుగు రైతుకూ పందుల బెడద తెలియనిది కాదు. కాబట్టి ఈ ప్రశ్న మన గుమ్మంలోకీ వస్తుంది.

ఆ స్థానికుడి తుపాకి ఎలాంటిది? వ్యక్తులు విదేశీ ఆయుధాలు తెప్పించుకోవడం మీద 1980ల నుంచీ కఠిన ఆంక్షలున్నాయి. కాబట్టి చాలామంది చేతిలో ఉండేది ప్రభుత్వ కర్మాగారాల్లో తయారైన .315 స్పోర్టింగ్ రైఫిల్. లీ ఎన్‌ఫీల్డ్ కుదురు నుంచి వచ్చిన నమ్మకమైన తుపాకి. కానీ పాతవాటికి స్కోపు బిగించే ఏర్పాటు పుట్టుకతో ఉండదు. ఎవరో మిస్త్రీ రంధ్రాలు వేసో, పక్కన పట్టీ తగిలించో అమర్చాలి. పైగా 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి ఒక మనిషి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. ఒక్క తుపాకితో అన్ని పనులూ చేయించాలన్న ఆశ అక్కడే పుడుతుంది. ఊడివచ్చే మౌంట్ ఆ ఆశకు తగిన సరుకులా కనిపిస్తుంది.

కానీ పంట కాపలా పని ఆఫ్రికా వేటా కాదు, జర్మనీ వేటా కాదు. చేను తెలిసిందే, మంచె తెలిసిందే, దూరం ఎక్కువలో ఎక్కువ 100 మీటర్లు. రెండో స్కోపు లేదు. దగ్గరి నుంచి కాల్చాల్సి వస్తుందన్న భయానికి ఇవాళ వేరే మందుంది. ఒక రెట్టు నుంచి ఆరు రెట్ల వరకు మార్చుకునే చిన్న స్కోపులు వచ్చాయి. ఒక రెట్టు దగ్గర పెడితే రెండు కళ్లూ తెరిచి చూడవచ్చు. ఇలాంటి పనికి స్థిరమైన మౌంటే మేలు. విడి భాగాలు తక్కువ, బరువు తక్కువ, ఖర్చు తక్కువ, చెడిపోయే అవకాశమూ తక్కువే. స్కోపు కింద నుంచి మామూలు సైట్లు కనిపించేలా ఎత్తుగా నిలబెట్టే మౌంట్లు కూడా దొరుకుతాయి. రెండూ కలిసివచ్చాయని మురిసిపోవడానికే తప్ప, చెంప తుపాకి మడమ మీద ఆనదు. చెంప ఆనకపోతే గురి నిలవదు.

స్థిరమైనదైనా దాని మానాన దాన్ని వదిలేయరాదు. స్క్రూలూ రంధ్రాలూ నూనె లేకుండా తుడిచి, తయారీదారు చెప్పిన బిగువుకే బిగించాలి. రింగు స్క్రూలకు అది సాధారణంగా 2 న్యూటన్ మీటర్లకు అటూఇటూ ఉంటుంది. బలం కొద్దీ తిప్పితే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది. ఆ తర్వాత స్క్రూ తల మీద రంగుతో ఓ గీత గీస్తే అది కదిలిందో లేదో కంటికే తెలుస్తుంది.

ఊడివచ్చేదే కావాలనుకుంటే మూడు షరతులు. తుపాకి మీద మామూలు సైట్లు ఉండాలి, అవి సరిచూసినవై ఉండాలి. అవి లేని తుపాకికి, రెండో స్కోపు లేని మనిషికి ఈ మౌంట్ ఇచ్చేదేమీ లేదు. తగిలించిన ప్రతిసారీ స్కోపును గొట్టం కొస వైపు నెట్టి, గాడి గోడకు ఆనించి, అప్పుడే మీట బిగించాలి. పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది, స్కోపు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ముందే ఆనించి ఉంటే జరగడానికి చోటుండదు. మూడోది పరీక్ష. మూడు తూటాలు పేల్చి, తీసి, తగిలించి, మళ్లీ మూడు. అలా ఐదుసార్లు చేస్తే 15 రంధ్రాలు. అవన్నీ ఒకే గుంపులో ఉంటే మౌంట్ మాట నిలబెట్టుకున్నట్టు. ఐదు చోట్ల ఐదు గుంపులు పడితే ఎంత ధర పెట్టినా అది పనికిరాదు. లైసెన్సు మీద ఇచ్చే తూటాలకు పరిమితి ఉన్న దేశంలో 15 తూటాలు చిన్న ఖర్చు కాదు. స్థిరమైన మౌంట్ వైపు మొగ్గడానికి అదీ ఒక కారణం.

జంతువుకు మరణశిక్ష వేసే అధికారాన్ని రాజ్యం తన చేతిలోంచి పంచాయతీ చేతికి, అక్కడి నుంచి ఒక పౌరుడి వేలికి బదలాయిస్తోంది. అధికారం కిందికి దిగడం ప్రజాస్వామ్యానికి మంచిదేనని పాఠాల్లో చదువుకుంటాం. కానీ బాధ్యత కూడా దానితోపాటే దిగాలి. లైసెన్సు ఉందా అని అడిగే అధికారి మరొక్క కాగితం అడగడం కష్టమేమీ కాదు. ఈ నెలలో, ఇదే తుపాకితో, ఇదే స్కోపుతో 100 మీటర్ల దూరం నుంచి కాల్చిన గురి కాగితం. దాని మీద మూడు చిల్లులు జానెడు వలయంలో ఉన్నాయో లేదో చూడటానికి నిపుణుల కమిటీ అక్కర్లేదు, పంచాయతీ గుమాస్తా చాలు. ఆ కాగితం చూపలేని తుపాకికి అనుమతి పత్రం ఇవ్వకూడదు.