హాల్లో దశకంఠుడు

మా టీవీ పక్కన నాలుగడుగుల రావణాసురుడు వేలాడుతుంటాడు. తోలుబొమ్మ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్ళి మరీ తెచ్చుకుంది మా ఆవిడ. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, "రాముణ్ణి పెట్టుకోవచ్చు కదండీ?" మా అమ్మకైతే ఇంట్లో మేకతోలు ఉండటమే గిట్టదు. వీడియో కాల్లో నా వెనక ఆ పది తలలూ చూసి మా మేనేజరు "రివ్యూకి చాలామందే వచ్చారే" అని జోకు.

నాకూ నచ్చదు, ఇప్పటికీ. కానీ "లోపల గదిలో పెట్టించెయ్యి" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఈఎమ్ఐ మాది, హాలు మాత్రం చుట్టాలదా? నేను కొన్న అరగోడంత టీవీకి లేని సంజాయిషీ తన బొమ్మకెందుకట?

ఇంకో సంగతి. వెలుతురు దూరేలా తోలు పలచన చేసి, చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులేస్తారు. తెర వెనక దీపం కోసం పుట్టిన బొమ్మ అది. ఆటకి పిలిచేవాళ్ళు తగ్గాక ఇప్పుడు లాంప్‌షేడ్లు కూడా చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. కొనేవాళ్ళు కూడా ఉండాలిగా మరి!

కరెంటు పోతే తను బొమ్మ వెనక ఎమర్జెన్సీ లైటు పెడుతుంది. రావణుడు ఎర్రగా వెలిగిపోతాడు, మా పాప లంక కథ చెప్పమంటుంది. నేనూ వింటాను. కరెంటొచ్చాక మళ్ళీ విసుక్కుంటాను, అది వేరే సంగతి :)