పెరటి మల్లె, దొడ్డి గుమ్మం

సంక్రాంతి సెలవులు అయ్యాక మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఏటా ఒక మెసేజ్ వస్తుంది. "పెరట్లో మల్లెపొద గుబురుగా పెరిగిపోయింది, కొట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? గంట పని." మిత్రులారా, ఈ వారం ఆ "కొట్టేవాళ్ళు", "గంట పని" అనే రెండు మాటల గురించే.

మల్లెని కొట్టరు. కోస్తారు. దానికో లెక్క ఉంది. పువ్వు ముదురు కొమ్మకి రాదు, కొత్త చిగురుకి వస్తుంది. అందుకే ముందు నీళ్ళు ఆపాలి. తోటలు వేసేవాళ్ళయితే మేకల్నో గొర్రెల్నో వదిలి ఆకు మేపిస్తారు, లేదంటే చేత్తో దూస్తారు. తర్వాత ఎండు కొమ్మ, తెగులు కొమ్మ, ఒకదానికొకటి రాసుకునే కొమ్మ తీసేసి, మిగిలినవాటిని నేల నుంచి మూరెడు ఎత్తులో కోస్తారు. మొదలు చుట్టూ తవ్వి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్ళు. చిగురేసి మొగ్గ కట్టాక కత్తెర పెడితే ఆ వేసవి పూలన్నీ కత్తెర కిందే పోయాయి. మందారం లెక్క వేరు, గోరింట లెక్క వేరు. ఏ పొద ఎంత కోతకి ఓర్చుకుంటుందో చూపుతోనే చెప్పగలిగే మనిషికి మన భాష ఇచ్చిన బిరుదు "కూలోడు". ఇదే ముక్క యూట్యూబులో చెప్పినాయన మాత్రం గార్డెనింగ్ ఎక్స్‌పర్ట్.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. చెట్టు సంగతి వదిలేయండి. పెరటి దారిన వచ్చే మనిషి తెలివి వీళ్ళకి ఎప్పుడూ పనికొస్తూనే ఉంది. కూలి లెక్కకట్టేటప్పుడే పేచీ.

అసలు పెరడు ఎవరికుంది? మా పేటలో గోడకి గోడ ఆనుకునే ఇళ్ళు. మల్లె పెంచాలని మా అమ్మకి సరదా పుడితే, పగిలిన ప్లాస్టిక్ బిందెలో మట్టి పోసి గుమ్మం పక్కన పెట్టింది. పెరడున్న ఇళ్ళకి వెనక ఒక సందు ఉండేది, పాకీ పని చేసే మనిషి వచ్చిపోవడానికి. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. వెనక గుమ్మం అలవాటుకి మాత్రం ఏ చట్టమూ రాలేదు. అరవై ఏళ్ళ మనిషి కత్తెర, కొడవలి పట్టుకుని గేటు దగ్గర నిలబడితే పాతికేళ్ళ కుర్రాడు "ఒరేయ్, వెనక నుంచి రా" అన్నాడు. మా వీధిలోనే. మంచినీళ్ళు డిస్పోజబుల్ గ్లాసులో ఇచ్చి, "అక్కడే పారెయ్" అని కూడా చెప్పాడు. కరోనా వచ్చిపోయాక దానికి శుభ్రత అని పేరు పెట్టుకున్నారు.

డిగ్రీ పిల్లలకి "పుష్పవిలాపం" గురించి చెబుతున్నాను ఒకసారి. పూజకి పూలు కోయబోయిన మనిషితో పువ్వు మొరపెట్టుకుంటుంది కదా, ఘంటసాల గొంతులో అది విని కళ్ళు తుడుచుకున్న తరాలున్నాయి. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "సార్, ఆ మొక్కకి పాదు తీసిందెవరు?" అంది. సిలబస్‌లో ఆ ప్రశ్నకి మార్కులు లేవు. నాకు తెలిసి, పద్యం గురించి ఆ ఏడాది ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే.

ఇంకోటి ఉంది, కాలేజీల్లో శ్రమదానం. క్యాంపస్‌లో పొదలు కోయిస్తారు, ముందు బ్యానర్, పక్కన ఫొటోగ్రాఫర్. రోజూ అదే ఆవరణ ఊడ్చే అవుట్‌సోర్సింగ్ అక్క ఆ ఫొటోలో ఉండదు, ఆమె జీతం నెలల తరబడి పెండింగులో ఉన్నా ఎవరూ అడగరు. దానం చేయాలంటే ముందు ఆ శ్రమ మనదై ఉండాలి. మన తాతలు దొరల గడీల్లో చేసినదాని పేరు వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. ఒకే పనికి ఒకరి చేతిలో ఒక పేరు, ఇంకొకరి చేతిలో ఇంకో పేరు.

"అయితే ఎవరి పెరడు వాళ్ళే కోసుకోవాలి" అంటారు కొందరు పెద్దలు. కోసుకోండి, మంచిదే. నేనూ కోసుకుంటాను. కానీ దానితో ఆ పెద్దాయన కూలి పెరగదు, ఉన్న ఒక్క పనీ పోతుంది. ఆయన్ని పిలవండి. పని గంటే అయినా ఆ పూట ఆయనకి ఇంకో పని దొరకదు, కాబట్టి పూట కూలి ఇవ్వండి. రేటు మీరు చెప్పకండి, ఆయన్ని అడగండి. ముందు గేటు తీయండి. నీళ్ళు మీరు తాగే స్టీలు గ్లాసులోనే ఇవ్వండి. కోసిన కొమ్మల్లో నాటుకోవడానికి పనికొచ్చేవి ఏవో ఆయనకే తెలుసు, తీసుకెళ్తానంటే తీసుకెళ్ళనివ్వండి.

జై భీమ్.