గోల్డు మెంబరు అవడం అంత అవసరమా?

డిసెంబరు వచ్చిందంటే మా ఆఫీసు కాఫీ మెషీను దగ్గర ఒకటే చర్చ: "నీకు గోల్డు రావడానికి ఇంకా ఎంత తక్కువైంది?" మేముండేది అట్లాంటా. డెల్టా వాళ్ళ సొంతూరు కాబట్టి ఈ జబ్బు ఇక్కడ కాస్త ఎక్కువ.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మైళ్ళ పథకం పెట్టినప్పుడు లెక్క తేలిక, ఎంత దూరం తిరిగితే అన్ని మైళ్ళు. ఇప్పుడలా కాదు. డెల్టాలో 2024 నుంచి హోదాకి చూసేది దూరం కాదు, పెట్టిన డబ్బు. సిల్వర్‌కి ఏడాదికి 5,000 పాయింట్లు, గోల్డుకి 10,000. పన్నులు పోను టికెట్టు మీద పెట్టిన ఒక్కో డాలరుకి ఒక్కో పాయింటు. అన్నిటికన్నా చవక బేసిక్ టికెట్టు కొంటే గుండుసున్నా. జనవరి 1న మీటరు మళ్ళీ మొదటికి.

మన లెక్క వేద్దాం. ఏడాదికోసారి ఇంటికెళ్ళే టికెట్టులో పన్నులు పోగా 1,200 డాలర్లు మిగిలాయనుకోండి. గోల్డు కావాలంటే అలాంటివి తొమ్మిది కావాలి. తొమ్మిదిసార్లు ఇండియా వెళ్ళడానికి సెలవులెవరిస్తారు :-)

సరే, వస్తే ఏమిటి? విదేశీ ప్రయాణాల్లో లాంజి, ఒక పెట్టె ఎక్కువ, క్యూలో ముందు. అమ్మ పెట్టిన ఆవకాయకి ఆ పెట్టె పనికొస్తుంది, కాదనను. కానీ ఆ పెట్టెకి ఆ ఒక్కసారికీ డబ్బు కట్టేయొచ్చు. పైగా అమెరికా విమానాలేవీ హైదరాబాదు దాకా రావు. మనలో చాలామంది దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వెళ్తారు. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, అక్కడ డెల్టా గోల్డు చూపిస్తే ఒరిగేదేమీ లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మీటరు ఎనభై శాతం దగ్గర ఆగితే మన ఇంజనీరు బుర్ర ఊరుకోదు. ఎవరినీ చూడ్డానికి కాకుండా, ఊరికే పాయింట్ల కోసం వారాంతంలో ఎక్కడికో వెళ్ళి అదే విమానంలో తిరిగొచ్చేవాళ్ళున్నారు. ఇంకొందరు నేరుగా పోయేది వదిలేసి, "మన" కంపెనీ అని రెండు చోట్ల మారి వెళ్తారు. మూడు వారాల సెలవులో ఒక పూట అలా పోతుంది. ఆ పూట అమ్మానాన్నలది.

వారం వారం క్లయింటు దగ్గరికి తిరిగే కన్సల్టెంట్ల సంగతి వేరు. డబ్బు కంపెనీది, ఒళ్ళు హూనమయ్యేది వాళ్ళది. హోదా దానంతటదే వస్తే హాయిగా వాడుకోవాలి. కానీ వాళ్ళకీ ఒక మాట. ఈ ఏడాది సంపాదించిన హోదా ప్రధానంగా ఉపయోగపడేది వచ్చే ఏడాది. ప్రాజెక్టు మారి ఇంటి నుంచే పనైతే ఆ గోల్డు కార్డు డ్రాయరులో పడుంటుంది.

అందుకని నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. వచ్చే ఏడాది నిజంగా ఎన్నిసార్లు ఎక్కుతాను? ఆ సౌకర్యాలు అవసరమైనప్పుడు విడిగా కొనుక్కుంటే ఎంతవుతుంది? కొనుక్కోవడమే చవకైతే హోదా వెంట పడటం దండగ. నాకు ప్రతిసారీ కొనుక్కోవడమే చవకగా తేలుతోంది. అందుకే నేరుగా పోయేది, టైము కలిసొచ్చేది చూసి టికెట్టు కొంటాను, అది ఏ కంపెనీదైనా సరే.

మీ లెక్క వేరేగా తేలితే చెప్పండి, వింటాను. కానీ లెక్క మాత్రం వేయండి.