ఫార్మాటే పరమౌషధమా?

సూర్యాపేట బస్టాండులో నిలబడ్డ ప్రయాణికుడితో "ఇక్కణ్ణించి విజయవాడకు తప్ప మరెక్కడికీ బస్సు లేదు" అని ఎవరైనా అంటే నవ్విపోతాడు. ఖమ్మం దారీ, మిర్యాలగూడ దారీ అతనికి తెలుసు. అదే మనిషి కంప్యూటరు తెర నల్లబడగానే, "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్న మాటను వేదవాక్కుగా స్వీకరిస్తాడు. ఆ పెట్టెలోనూ ఒక కూడలి ఉందని అతనికెవరూ చెప్పలేదు మరి. దాని పేరే బూట్ మెనూ.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – మూడు ఊళ్ళలోనూ రిపేరు దుకాణాల్లో నేను విన్న తీర్పు ఇదే. ఒకచోట ఒక కుర్రవాడి ప్రాజెక్టు రిపోర్టు, అక్క పెళ్ళి ఫొటోలతో సహా డిస్కంతా తుడిచి చేతికిచ్చారు. ముందు వాటిని కాపీ తీద్దామన్న ప్రయత్నమైనా జరగలేదు. ఇది వైద్యమా, శవసంస్కారమా?

మీట నొక్కగానే లేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రాము ముందు మేల్కొంటుంది. పాత యంత్రాల్లో అది బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ. మెమరీ వగైరాలను పరీక్షించి, ఏ డిస్కు నుంచి వ్యవస్థను లేపాలో తన వరుస ప్రకారం వెతుకుతుంది. సరిగ్గా అప్పుడే డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ తర్వాత ఎఫ్9 నొక్కితే, దేని నుంచి లేవాలో మనల్నే అడుగుతుంది. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవును ఎంచుకుంటే, డిస్కులో ఏమీ స్థాపించకుండానే యంత్రం నడుస్తుంది. ఫైళ్ళు బయటకు తీసుకోవచ్చు.

"సామాన్యుల చేతికిస్తే పాడుచేసుకుంటారు" అనేవారికి నా జవాబు: ఈ ఎంపిక ఆ ఒక్కసారికే. మళ్ళీ ఆన్ చేస్తే పాత వరుసే. శాశ్వతంగా మారేది సెటప్‌లోని వరుసను మార్చినప్పుడు. ఇక్కడ దాని జోలికి వెళ్ళే పని లేదు. డిస్కే చచ్చిపోయినా, బిట్‌లాకర్ తాళం పోగొట్టుకున్నా ఏ మెనూ రక్షించలేదు, నిజమే. కానీ అది పరీక్షించాక చెప్పవలసిన మాట. గుమ్మంలోనే చెప్పేది కాదు.

ఈ అజ్ఞానం ఖరీదు ఇప్పుడు మరీ పెరిగింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 లేని యంత్రాలను విండోస్ 11 తన అర్హుల జాబితాలో చేర్చుకోదు. అంతమాత్రాన అవి తుక్కేనా? వాటిలో చాలావాటికి లినక్స్‌తో ఇంకా ఆయుష్షుంది. కొత్తది కొనేముందు పెన్‌డ్రైవుతో రుచి చూడవచ్చు కదా!

శిక్షణ కేంద్రాలు టైపింగూ, ఎక్సెలూ, టాలీ నేర్పుతాయి. యంత్రం ఎలా లేస్తుందో నేర్పడానికి గంట చాలు. ఆ గంటే దొరకదు.

మిత్రులారా, ఎక్స్‌పీ సీడీ పెట్టి, కాంప్లెక్స్ స్క్రిప్టు పెట్టెలో టిక్కు కొట్టి, విరిగిన తెలుగు అక్షరాలను అతికించుకున్న తరం మనది. ఎలాగో తెలుగులో రాసి పదిమందికీ నేర్పిందీ మనమే. ఏ కంపెనీ యంత్రానికి ఏ మీటో, పెన్‌డ్రైవు ఎలా తయారుచేయాలో ఒక్క పేజీలో, తేట తెలుగులో రాయలేమా? ఫార్మాట్ చేయాలో వద్దో నిర్ణయించవలసింది యంత్రం కొన్నవాడు. అతనికి ఆ హక్కుందని ముందు తెలియాలి.