దాచిపెట్టిన మాటను పట్టుకుందాం



పాతబస్తీలో ఛత్రినాక పక్కన మా బస్తీ కమ్యూనిటీ హాలులో ఏడాదిగా రాత్రిపూట గ్రూప్స్‌కూ పోలీసు ఉద్యోగాలకూ చదివే పిల్లలకు రీజనింగ్ చెప్తున్నాం. ఫీజు లేదు. పాఠం చెప్పేదీ మేమే, బోర్డు తుడిచేదీ మేమే. పోయిన నెల ఒక మోడల్ పేపరులో ఈ ప్రశ్న వచ్చింది:

'ఉద్యోగాలు ప్రతిభ ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. కనుక రిజర్వేషన్లు రద్దు చేయాలి.' ఈ వాదనలో దాగి ఉన్న ఊహ ఏది?

కింద నాలుగు జవాబులు. రెండోది: 'రిజర్వేషన్ వల్ల ఉద్యోగాలు ప్రతిభ లేనివాళ్ళకు పోతున్నాయి.' కీలో అదే సరైన జవాబు.

ఒక ఆడపిల్ల ఆ ప్రశ్నను ఖాళీగా వదిలేసింది. తండ్రిది సఫాయి పని. తెలివైన పిల్ల, తెలియక వదిలింది కాదు. ఎందుకమ్మా అంటే, "సార్, గా గుండ్రం నింపితే నా చేత్తోని నేనే ఒప్పుకున్నట్టు గాదా?" అన్నది.

మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ ప్రశ్న తయారుచేసిన పెద్దమనిషి మీద కోపం వచ్చిన మాట నిజం. లోకంలో ఇన్ని వాదనలుండగా పరీక్ష రాసే మన పిల్లల ముందు పెట్టడానికి ఇదొక్కటే దొరికిందా? అయినా ఆ పిల్లకు చెప్పవలసింది వేరే ఉన్నది. కీ తప్పు కాదు. ఆ వాదన నిలబడాలంటే ఆ మాట కావాలి. ప్రశ్న ఆ మాటను పట్టుకోమన్నది గానీ నమ్మమనలేదు. దొంగను చూపించినవాడు దొంగకు చుట్టం కాదు. గుండ్రం నింపు తల్లీ, మార్కు తెచ్చుకో.

పట్టుకునే పద్ధతి ఒకటుంది. గుడి ముందు బోర్డు ఉంటుంది: 'చెప్పులు ఇక్కడ విడువండి.' అందులో చెప్పకుండా అనుకున్నదేమిటని పిల్లల్ని అడిగాం. వచ్చేటోళ్ళ కాళ్ళకు చెప్పులుంటయని ఒకడన్నాడు. ఇంకొకడు, "లోపలికి రానిస్తరని సార్" అన్నాడు. రెండూ సరే. ఇప్పుడు ఆ మాటను తిరగేసి చూడాలి. ఎవరి కాళ్ళకూ చెప్పుల్లేవు అనుకోండి, బోర్డు దండగ. ఎవర్నీ లోపలికి రానియ్యరు అనుకోండి, అప్పుడూ దండగే. తిరగేస్తే వాదన కూలిందా, అదే దాగిన ఊహ. కూలలేదా, అది కాదు. పైకి చెప్పిన మాటనే జవాబుల్లో మళ్ళీ రాసి పెడతారు, దానికి మోసపోవద్దు. చెప్పిన మాట ఊహ కాదు.

మన ప్రశ్నను ఇట్లాగే తిరగేద్దాం. 'రిజర్వేషన్ వల్ల ఉద్యోగాలు ప్రతిభ లేనివాళ్ళకు పోవడం లేదు' అనండి. వాదన మొత్తం మట్టి గోడలాగా పడిపోయింది. అందుకే దాన్ని పైకి చెప్పరు. చెప్తే రుజువు అడుగుతాం కదా!

రుజువేది? ఎంబీబీఎస్ సీటు రిజర్వేషన్ మీద రావచ్చు, పాసు మార్కు మాత్రం అందరికీ ఒక్కటే. అదే కాలేజీ, అదే పరీక్ష. ఈ సంగతి తెలిసి కూడా 'కోటా డాక్టరు' అంటారు. ఇంకా కింద మరొక ఊహ ఉంది: ప్రవేశపరీక్షలో మార్కే ప్రతిభ అని. దాన్ని సుప్రీంకోర్టే ఒప్పుకోలేదు. నీట్ పీజీ సీట్ల కేసులో 2022 జనవరిలో ఇచ్చిన తీర్పులో, పరీక్ష మార్కుల వెనుక ఇంటి చదువు, డబ్బు, పలుకుబడి కూడా ఉంటాయనీ, రిజర్వేషన్ ప్రతిభకు శత్రువు కాదనీ చెప్పింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేం. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్ రూములో ఒకాయన చాయ్ అందిస్తూ, నవ్వుతూ, "ఏ కోటా మీది?" అన్నాడు. ఆ రెండున్నర మాటల్లో ఎంత దాగి ఉందో విడదీసి చెప్పడం మాకు అప్పటికి రాదు. చాయ్ తాగి ఊరుకున్నాం.

ఈ విద్య మనకు కోచింగ్ సెంటర్లు నేర్పింది కాదు. మూసీ దాటితే ఇసామియా బజార్. నూరేండ్ల కిందటే అక్కడ మన పిల్లలకు బడి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ 1917 నవంబరులో బెజవాడ సభకు అధ్యక్షుడుగా పోయాడు. సభ పేరు పంచమ మహాసభ. ఆయన మొదట పట్టుకున్నది ఆ పేరునే. పంచమ అంటే ఐదోవాడు. ఐదోవాడు ఉన్నాడంటే ముందు నలుగురు సరైనవాళ్ళని ఒప్పుకున్నట్టే. మేం ఎవరి తర్వాతా రాలేదు, ఈ నేల మొదటి మనుషులం అన్నాడు. సభ ఆది ఆంధ్ర మహాసభ అయ్యింది. 1922లో మద్రాసు ప్రభుత్వమూ కాగితాల్లో ఆది ఆంధ్ర అనే పేరు తీసుకున్నది. ఒక్క మాటలో దాగిన ఊహను తిరగేస్తే సర్కారు రికార్డు మారింది.

అద్దం మన వైపు కూడా తిప్పుదాం. 2000లో ఆంధ్రప్రదేశ్ చేసిన ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎస్సీలంతా ఒకే తీరు అన్న ఊహ మీద ఆ తీర్పు నిలబడింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఆ ఊహనే తిరగేశారు, తీర్పు కూలింది. ఇది రాస్తే మనలోనే కొందరికి కోపం వస్తుంది. రానీయండి. మన సంఘం మీటింగుల్లో కుర్చీల మీద ఎవరున్నారు, చాపల మీద ఎవరున్నారు, చాయ్ కాచేది ఏ ఆడవాళ్ళు అని చూస్తే, మనమూ చెప్పకుండా అనుకున్నవి కనబడతాయి.

ఆ పిల్ల ఇప్పుడు గుండ్రాలన్నీ నింపుతున్నది. మొన్న రాత్రి తనే ఒక ప్రశ్న తయారుచేసి బోర్డు మీద రాసింది: 'మోరీ పని మీవాళ్ళకు అలవాటు. కనుక ఆ పనికి మీవాళ్ళనే పెట్టుకుంటున్నాం. దాగి ఉన్న ఊహ ఏది?' కింద నాలుగు జవాబులకు చోటు వదిలింది. ఇప్పటికి మూడు నిండినయి.